సోమాలీ నేల మీద పాఠం చెప్పబోయే మన మాస్టార్లకు బహిరంగ లేఖ

మాస్టార్లకూ, మేడమ్‌లకూ నమస్కారం.

సోమాలియా నుంచి విడిపోయామని 1991లో ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లోని హర్గీసాకో బొరామాకో, ఇథియోపియా వైపు జిగ్‌జిగాకో కాంట్రాక్టు మీద పాఠం చెప్పడానికి వెళ్ళబోతున్న మన తెలుగు లెక్చరర్ల కోసం ఈ ఉత్తరం. ఇక్కడి ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఏళ్ళకేళ్ళు పనిచేసి, జీతం సరిగ్గా చేతికందక, ఆఫ్రికా దారి పట్టినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేనూ అలాగే వెళ్ళాను. జిగ్‌జిగాలో మూడేళ్ళు, ఆ తర్వాత హర్గీసాలో నాలుగేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి వచ్చాను. వీసా సంగతి, డబ్బు ఇంటికి ఎలా పంపాలి, కందిపప్పు దొరుకుతుందా, చింతపండు పట్టుకెళ్ళాలా, ఇవన్నీ మీకు వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెప్పని సంగతి ఒకటి నేను చెప్పాలి.

మీరు చేరిన మొదటి వారంలోనే స్టాఫ్ రూమ్‌లో ఒక మాట వినిపిస్తుంది. "వీళ్ళకి బేసిక్స్ లేవండీ." ఆ మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఎందుకన్నానో, ఎందుకు మానేశానో చెప్తాను.

హర్గీసాలో నా రెండో ఏడాది. క్లాసులో బొరామా కుర్రాడు ఒకడు ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాడు, చెయ్యెత్తి ప్రశ్నలు అడిగేవాడు. వెనక బెంచీలో ఇంకో కుర్రాడు. దక్షిణాన బైదోవా నుంచి, యుద్ధానికి భయపడి వచ్చేసిన కుటుంబం వాళ్ళది. నోరు విప్పేవాడు కాదు. మిడ్ పరీక్షలో అతను పేపర్ నిండా అంకెలే రాశాడు, ఒక్క వాక్యం లేదు. నేను అడిగింది మీడియన్, అంటే అంకెల్ని వరసగా పేరిస్తే నడిమికొచ్చే అంకె. అతను కట్టింది మీన్, అంటే సగటు. ఆ మీన్ మాత్రం దశాంశాలతో సహా సరిగ్గా వచ్చింది. నేను ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన "బేసిక్స్ చూసుకో" అని రాశాను.

పేపర్లిచ్చిన రోజు సాయంత్రం అతను నా గది దగ్గరికి వచ్చాడు. ప్రశ్న అర్థం కాలేదు సార్ అన్నాడు. ఇంగ్లీషు కష్టమైతే పక్కవాణ్ణి సోమాలీలో అడగచ్చు కదా అన్నాను. అతను కాసేపు తలొంచుకుని నిలబడి, "బడిలో చెప్పే సోమాలీ కూడా మా ఇంటి భాష కాదు సార్" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. సోమాలీలందరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే జాతి అనే కదా మనం విన్నది! ఆ రాత్రి మొదలుపెట్టి ఆ ఏడాదంతా, కనిపించిన పెద్దవాళ్ళనల్లా అడిగాను, చేతికందిన పుస్తకమల్లా చదివాను. చివరికి నాకు తేలింది ఇది. సోమాలీ నేల మీద ఒక పిల్లవాడికి ఎంత చదువు అబ్బిందన్నది వాడి తెలివి కన్నా వాడి తాత ఏ ఊళ్ళో పుట్టాడన్న దాని మీదే ఎక్కువ ఆధారపడింది. బడి ఎక్కడ పెట్టారు, ఎవరి భాషలో పెట్టారు, ఎవరి దారికి దూరంగా పెట్టారు అన్నది వందేళ్ళుగా వేరేవాళ్ళు నిర్ణయిస్తూ వచ్చారు. మనం "బేసిక్స్ లేవు" అని కొట్టిపారేస్తున్నది ఆ నిర్ణయాల ఫలితాన్ని.

సోమాలియా జెండా ఒకసారి గుర్తు చేసుకోండి. లేత నీలం మీద అయిదు కోణాల తెల్ల నక్షత్రం. 1954లో మహమ్మద్ అవాలె లిబాన్ గీసిన జెండా అది. ఆ అయిదు కోణాలూ సోమాలీలను పరాయివాళ్ళు పంచుకున్న అయిదు ముక్కలు. ఉత్తరాన బ్రిటిష్ సోమాలీలాండ్, దక్షిణాన ఇటాలియన్ సోమాలియా, ఇప్పుడు జిబూటి అని పిలుస్తున్న ఫ్రెంచి ముక్క, ఇథియోపియా చేతిలోని ఓగాడెన్, కెన్యాలో కలిసిపోయిన ఉత్తర సరిహద్దు జిల్లా. బడి విషయానికొస్తే ఒక్కో కోణానిదీ ఒక్కో లోకం. హర్గీసా పిల్లవాడికి ఇంగ్లీషు, మొగదిషు పిల్లవాడికి ఇటాలియన్, జిబూటి పిల్లవాడికి ఫ్రెంచి, జిగ్‌జిగా పిల్లవాడికి అమ్హారిక్. కెన్యా ముక్కనైతే 1926లో చట్టం చేసి మరీ మూసేశారు. పర్మిట్ లేనిదే లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. అక్కడ కొండ ప్రాంతాల్లో మిషన్ బళ్ళు ఊరూరా వెలుస్తున్న రోజుల్లో, వజీర్, గరిస్సా, మందేరా వైపు పిల్లలకు బడి అంటే ఏమిటో చూసే యోగం కూడా లేదు. జిగ్‌జిగాకు వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అక్కడి పిల్లలు తమ భాషలో ప్రైమరీ చదువుకోవడం 1991లో ప్రభుత్వం మారాక వచ్చిన మార్పు. వాళ్ళ నాన్నలు బడికి వెళ్ళి ఉంటే, తమకు రాని అమ్హారిక్‌లో మొదటి అక్షరం దిద్దినవాళ్ళే.

అలాగని, పరాయివాళ్ళు రాకముందు సోమాలీలకు చదువే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అయిదు ముక్కల్లోనూ ఉన్న బడి ఒకటుంది. దాని పేరు దుగ్సి, ఖురాన్ బడి. ఒంటెలతో పాటు కదిలిపోయే కుటుంబాల వెంట ఆ బడీ కదిలేది. నీడనిచ్చే చెట్టు దొరికితే అదే క్లాసు రూము. పిల్లల చేతిలో లోహ్ అనే చెక్క పలక, పుల్లతో చేసిన కలం, బొగ్గు కలిపిన సిరా. ఆ రోజు పాఠం నోటికి వచ్చేసిందని గురువు ఒప్పుకున్నాక పలక కడిగేసి, ఆరబెట్టి, మళ్ళీ రాస్తారు. హర్గీసాలో నేను అద్దెకున్న ఇంటి వెనక సందులో ఇప్పటికీ అలాంటి బడి ఉంది. పొద్దున్నే పిల్లలు గొంతెత్తి పాడుతుంటే మొదటి నెల నాకు విసుగొచ్చేది, నిద్ర చెడేది. ఒకరోజు ఆగి విన్నాను. "అలిఫ్ ల కొర్ దబయ్, అలిఫ్ ల హూస్ దబయ్, అలిఫ్ ల గొదయ్." అర్థం అడిగితే పక్కింటాయన చెప్పాడు. అలిఫ్‌కు పైన గుర్తు పెడితే అ, కింద పెడితే ఇ, వంపు తిప్పితే ఉ.

మన గుణింతమే కదండీ! తలకట్టు, గుడి, కొమ్ము. మా తాతగారు ఇసకలో నా వేలు పట్టుకుని దిద్దించిన పాఠమే అది. అరబ్బీ అక్షరాలను సోమాలీ పిల్లల నోటికి అందేలా ఈ పద్ధతి కట్టినవాడు షేక్ యూసుఫ్ అల్ కవ్నైన్ అని చెప్పుకుంటారు. కొన్ని వందల ఏళ్ళ కిందటి మనిషి. ఆయన సమాధి హర్గీసాకు దగ్గరలోనే ఉంది, వీలైతే చూసి రండి. దక్షిణాన జుబా నది ఒడ్డున బర్దేరాలో 1819 నాటికే మత విద్యకు పేరుపడ్డ జమాత్ ఉండేది. బ్రావా, మొగదిషు లాంటి రేవు ఊళ్ళలో పండితుల దగ్గర శిష్యరికం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. చదువంటే ఇష్టం లేని జాతి కాదు అది.

ఇక ఉత్తరాది సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది దిగేది అక్కడే.

బ్రిటిష్‌వాళ్ళు 1880ల్లో బెర్బెరా తీరానికి వచ్చింది ఎదురుగా ఉన్న ఏడెన్‌లోని తమ దండుకు మాంసం కోసం. 1898 దాకా ఈ ప్రాంతం మన బొంబాయి ప్రభుత్వం లెక్కల్లోనే ఉండేది. మేకలూ గొర్రెలూ ఓడెక్కితే చాలు, లోపలి ఊళ్ళలో ఎవరు చదివితే ఏం, చదవకపోతే ఏం అన్నట్టు ఉండేది వాళ్ళ వైఖరి. మొదటి కొత్తరకం బడి బెర్బెరాలో ఫ్రెంచి కాథలిక్ మిషన్ పెట్టింది. దాని గురించి అక్కడ ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. తర్వాత బ్రిటిష్‌వాళ్ళ మీద తిరగబడ్డ మతగురువు సయ్యద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ ఆ మిషన్ పిల్లవాణ్ణి ఒకణ్ణి నీది ఏ తెగ అని అడిగాడట. "ఫాదర్ల తెగ" అన్నాడట వాడు. నిజంగా జరిగిందో లేదో గానీ, జనం మనసులో బడి అంటే ఏమిటో ఆ కథలో ఉంది. పిల్లవాణ్ణి తీసుకెళ్ళి తెగనూ మతాన్నీ మరిపించే చోటు. 1899లో సయ్యద్ యుద్ధం మొదలుపెట్టాడు. అది 1920 దాకా సాగింది. 1910లో బ్రిటిష్‌వాళ్ళు మిషన్‌ను మూయించేశారు.

యుద్ధం అయ్యాక బళ్ళు పెడదామన్నారు. డబ్బెక్కడిది? పశువుల మీద పన్ను వేద్దామన్నారు. ఇరవై ఏళ్ళ యుద్ధంలో మనుషుల్నీ మందల్నీ పోగొట్టుకున్న జనం మీద! 1922లో బురావోలో జనం తిరగబడ్డారు. కెప్టెన్ అలాన్ గిబ్ అనే అధికారి ఆ గొడవలో తుపాకీ గుండుకు చనిపోయాడు. పన్ను పోయింది, పన్నుతో పాటు బళ్ళ ప్లానూ పోయింది. మళ్ళీ 1939లో, సోమాలీ భాషను రాతలో పెట్టి బడిలో చెప్తారట, అరబ్బీని తీసేస్తారట అన్న పుకారు లేచి, అదే బురావోలో విద్యాశాఖ అధికారి మీద రాళ్ళు పడ్డాయి.

ఇదంతా చదివి మూర్ఖత్వం అనుకోకండి. మన ఊళ్ళో మొట్టమొదట కనిపించిన బడి మన పిల్లవాడి పేరు మార్చేదైతే, రెండోది మన గేదెను అమ్మించేదైతే, మనం మాత్రం పంపిస్తామా? పైగా ఒంటెల వెంట తిరిగే ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు అంటే పనివాడు. మేకలు వాడి చేతిలోనే ఉంటాయి. నీళ్ళ కోసం రోజుల తరబడి నడిచే కుటుంబానికి, కదలకుండా ఒకేచోట ఉండే బడి పనికొచ్చే వస్తువు కాదు.

తర్వాత్తర్వాత సోమాలీ మాస్టార్లే ముందుకొచ్చి జనాన్ని ఒప్పించారు. మహమూద్ అహ్మద్ అలీ పేరు హర్గీసాలో ఎవర్నడిగినా చెప్తారు, సోమాలీలాండ్ చదువులకు ఆయన్ని తండ్రి అంటారు. అయినా 1945 నాటికి ఆ మొత్తం ప్రాంతంలో ఉన్నవి 7 ప్రాథమిక బళ్ళు, వాటిలో చదివేది దాదాపు 400 మంది మగపిల్లలు. 1950ల్లో రెండు పేరున్న బళ్ళు వచ్చాయి. ఒకటి బొరామా పక్కన అమూద్. రెండోది బెర్బెరా నుంచి ఘాట్ రోడ్డెక్కితే వచ్చే షేక్ అనే కొండ ఊళ్ళో. నేను షేక్ వెళ్ళాను. కింద బెర్బెరాలో చెమటలు కారే ఎండ, పైన చల్లగాలి. ఆ రెండు బళ్ళలో చదివిన కుర్రాళ్ళే ఆఫీసర్లు, డాక్టర్లు, మంత్రులు అయ్యారు. 2010 నుంచి 2017 దాకా సోమాలీలాండ్ అధ్యక్షుడిగా ఉన్న సిలాన్యో కూడా ఆ బళ్ళ విద్యార్థే. ఇప్పుడు మ్యాప్ తీసి, తూర్పున ఎరిగావో, లాస్ ఆనోద్ ఎక్కడున్నాయో, అమూద్ ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. ఒక తరం మొత్తంలో ఎవరి పిల్లలు పైకొచ్చారో, ఎవరి పిల్లలు మేకల దగ్గరే ఉండిపోయారో ఆ దూరమే చెప్తుంది.

ఆడపిల్లల మాట అసలు ఎత్తలేం. హర్గీసాలో మీరు తప్పకుండా చూడబోయే ఆసుపత్రి ఒకటుంది, ఎద్నా ఆదాన్ గారిది. 1937లో అక్కడే పుట్టారామె. తండ్రి వైద్యుడు. అయినా కూతురిని చదివించడానికి హర్గీసాలో బడి లేదు. సరిహద్దు దాటించి జిబూటికి, ఫ్రెంచి బడికి పంపాల్సి వచ్చింది. ఉత్తరాన ఆడపిల్లల బడి బురావోలో తెరిచింది 1953లో. అవును, రాళ్ళు పడ్డ ఆ బురావోలోనే. ఒక డాక్టరు కూతురి పరిస్థితే అది. మిగతావాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. మీ క్లాసులో ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని వాళ్ళ అమ్మమ్మ చదువు గురించి అడిగితే నవ్వేస్తుంది. ఆ నవ్వు వెనక ఉన్నది ఇదే.

దక్షిణాన కథ వేరు. ఇటలీవాళ్ళకు కావాల్సింది షెబెలె, జుబా నదుల ఒడ్డున అరటి, చెరకు, పత్తి తోటలు, వాటికి కూలీలు. 1907లో మొగదిషులో ఇటాలియన్ నేర్పే చిన్న బడి పెట్టారు. ఫాసిస్టుల కాలంలో సోమాలీ పిల్లలకు పెద్ద చదువులు అక్కర్లేదన్నది వాళ్ళ పద్ధతి. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ ఓడిపోయాక, 1943లో పుట్టిన సోమాలీ యువజన సంఘం తనంతట తానే చదువుల క్లాసులు నడిపింది. 1950లో ఐక్యరాజ్యసమితి ఆ ప్రాంతాన్ని పదేళ్ళలో స్వతంత్రం ఇవ్వాలన్న గడువుతో మళ్ళీ ఇటలీకే అప్పగించింది. గడువు ఉంది కాబట్టి బళ్ళు గబగబా లేచాయి. 1957 నాటికి దాదాపు 31,000 మంది పిల్లలూ పెద్దలూ ప్రాథమిక బళ్ళలో ఉన్నారు. ఆ పై మెట్టు, జూనియర్ సెకండరీలో ఎందరో తెలుసా? 246 మంది. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిగా ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి నేను చాలాసేపు చూశాను. బడులు కూడా మొగదిషులో, తీరం వెంట, పట్టణాల్లో. లోపలి పచ్చిక నేలల్లో తిరిగేవాళ్ళకు ఇక్కడా అందలేదు.

1960 జూన్ 26న ఉత్తరం, జూలై 1న దక్షిణం స్వతంత్రమై, ఆ రోజే రెండూ కలిశాయి. జెండా ఒకటైంది గానీ ఫైలు ఒకటి కాలేదు. హర్గీసా గుమాస్తాకు ఇంగ్లీషు వచ్చు, మొగదిషు గుమాస్తాకు ఇటాలియన్ వచ్చు, ఇద్దరికీ వచ్చిన సోమాలీకి సర్కారు ఒప్పుకున్న లిపి లేదు. ఉర్దూ మీడియం చదివినవాళ్ళూ ఇంగ్లీషు మీడియం చదివినవాళ్ళూ ఒకే ఉద్యోగానికి పోటీ పడ్డ 1956 తర్వాతి రోజులు మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అందుకే ఈ సంగతి మనకు ఇంకెవరి కన్నా త్వరగా అర్థం కావాలి. ఉన్న ఒక్క విశ్వవిద్యాలయం మొగదిషులో పెట్టారు. అందులో ఎక్కువ శాఖల్లో పాఠం ఇటాలియన్‌లోనే. ఇంగ్లీషులో చెప్పేది లఫోలె ఉపాధ్యాయ కళాశాల మాత్రం. అంటే హర్గీసాలో ఇంగ్లీషులో చదివిన కుర్రాడు డాక్టరో ఇంజినీరో కావాలంటే వెయ్యి కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న ఊరికి పోయి, ముందు ఒక సెమిస్టర్ ఇటాలియన్ నేర్చుకోవాలి.

1972 అక్టోబర్ 21న సోమాలీకి లాటిన్ లిపి ఖాయం చేశారు. 1969లో అధికారం పట్టిన సియాద్ బర్రె సైనిక పాలన చేసిన పాపాలు చాలా ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ ఈ ఒక్క పని గురించి అక్కడి పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది. 1974 ఆగస్టులో హైస్కూళ్ళు మూసేసి, పాతిక వేల మందికి పైగా విద్యార్థుల్నీ మాస్టార్లనీ పల్లెలకు, పచ్చిక నేలలకు పంపారు. "తెలిస్తే నేర్పు, తెలియకపోతే నేర్చుకో" అన్నది నినాదం. బడి దగ్గరికి రాలేని జనం దగ్గరికి సర్కారు బడే నడిచి వెళ్ళింది, ఆ దేశ చరిత్రలో మొదటిసారి. అదే సమయానికి దబదేర్ అనే భయంకరమైన కరువు. పాఠం చెప్పడానికి పోయిన పిల్లలు చచ్చిపోతున్న ఒంటెల్ని లెక్కపెట్టారు, సహాయ శిబిరాల్లో గంజి పోశారు. 1975లో సోవియట్ విమానాల్లో వేల కుటుంబాలను దక్షిణాన నదుల పక్కకీ సముద్రం పక్కకీ తరలించారు.

నా విద్యార్థిని ఒకామె వాళ్ళ ఇంటికి భోజనానికి పిలిచింది. వాళ్ళ అమ్మమ్మకు ఆ రోజులు గుర్తున్నాయి. మొగదిషు నుంచి వచ్చిన పదహారేళ్ళ పట్నం పిల్ల తమ గుడిసెలో ఉండి, తమతో ఒంటె పాలు తాగి, పొద్దుటిపూట మేకలు తోలి, సాయంత్రం చెట్టుకు నల్లబల్ల తగిలించి అక్షరాలు నేర్పిందట. ఆ పిల్లకు పాలు పడక వారం రోజులు కడుపునొప్పితో ఏడ్చిందని కూడా చెప్పి నవ్వింది. ఆమె చదువు మొత్తం ఆ కొద్ది నెలలే. టీపాయ్ మీదున్న మందు సీసా తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని, దాని మీద సోమాలీలో రాసి అంటించిన చీటీ కూడబలుక్కుని చదివి వినిపించింది. రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత.

అయితే ఆ లిపిలోకి ఎక్కిన సోమాలీ ఎవరిది? మళ్ళీ మన వెనక బెంచీ కుర్రాడి దగ్గరికి వస్తున్నాను. ఉత్తరాన, మధ్య ప్రాంతాల్లో మాట్లాడే "మహా తిరి" మాటనే పుస్తకాల భాషగా తీసుకున్నారు. జుబా, షెబెలె నదుల మధ్య, బైదోవా చుట్టుపక్కల జనం మాట్లాడేది "మాయ్". ఈ రెండు పేర్లకూ మూలం ఒకటే ప్రశ్న, ఏమన్నావు అని. వాళ్ళు ఒకలా అడుగుతారు, వీళ్ళు ఒకలా అడుగుతారు. కానీ ఒకరి మాట ఒకరికి సులువుగా అర్థం కాదు. ఆ నేల సోమాలియాకు అన్నం పెట్టే నేల, జొన్న పండేది అక్కడే. అక్కడి పిల్లవాడికి మాత్రం ఒకటో తరగతి పుస్తకమే పరాయి భాష. ఇంకా దిగువన జిలిబ్, జమామె వైపు జుబా ఒడ్డున, ఒకప్పుడు బానిసలుగా తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళ సంతతి ఉంది. ఇటాలియన్ తోటల్లో వెట్టి చేసింది ఎక్కువగా వాళ్ళే. వాళ్ళ దగ్గరికి బడి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది, వచ్చిన చోట కూడా తోటి పిల్లలు పెట్టిన పేర్లు పడాల్సి వచ్చింది. 2012 రాజ్యాంగంలో సోమాలీ అంటే మాయ్, మహా తిరి రెండూ అని రాశారు. మంచిదే. నా విద్యార్థి అప్పటికే బడి దాటేశాడు.

ఇప్పుడు హర్గీసా రాళ్ళ గురించి చెప్పాలి.

1981లో హర్గీసా పెద్దాసుపత్రి అధ్వానంగా ఉండేది. కొందరు కుర్ర డాక్టర్లు, మాస్టార్లు, ఇంజినీర్లు చేరి, చందాలు పోగుచేసి, దాన్ని కడిగి, బాగుచేసి, మందులు తెప్పించారు. "ఉఫ్ఫో" అని ఒక చిన్న కరపత్రిక కూడా నడిపారు. తుఫానుకు ముందు వీచే గాలిని ఉఫ్ఫో అంటారు. ప్రభుత్వం చేయని పని వీళ్ళు చేస్తున్నారంటే ప్రభుత్వాన్ని ఎత్తిచూపడమే అని పట్టుకెళ్ళి జైల్లో వేశారు. 1982 ఫిబ్రవరి 20న, విచారణ మొదలైన రోజు, హర్గీసా బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. చేతికందిన రాయల్లా విసిరారు. సైనికులు కాల్చారు. ఆ రోజును అక్కడ "దగహ్ తూర్" అంటారు, రాళ్ళు విసరడం అని. ఉఫ్ఫోవాళ్ళకు ఏళ్ళ తరబడి జైలు పడింది, కొందరికి యావజ్జీవం. బైదోవా దారిలో లబాతన్ జిరో అనే జైల్లో ఒక్కొక్కణ్ణి ఒక్కో గదిలో పెట్టారు. మాట్లాడుకోవడానికి లేదు. అక్షరానికి ఇన్ని దెబ్బలని లెక్క పెట్టుకుని గోడ మీద వేళ్ళతో తట్టుకుంటూ మాట్లాడుకున్నారు. ఒక డాక్టరు అలా తట్టితట్టి ఒక లావుపాటి రష్యన్ నవల మొత్తం పక్క గదిలో ఉన్న స్నేహితుడికి చదివి వినిపించాడు.

1939లో బడి వద్దని రాళ్ళు. నలభై మూడేళ్ళ తర్వాత అదే ఉత్తరాన మాస్టార్లను వదిలిపెట్టమని రాళ్ళు. మధ్యలో ఎంత దూరం నడిచారో చూడండి వాళ్ళు. ఆ నడక చూశాక నాకు "బేసిక్స్ లేవు" అనే నోరు రాలేదు.

1988లో సియాద్ బర్రె సైన్యం హర్గీసాను బాంబులతో నేలమట్టం చేసింది. జనం కాలినడకన ఇథియోపియా సరిహద్దు దాటి, జిగ్‌జిగా దగ్గర హర్తిషేక్ శిబిరంలో పడ్డారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరం అది. 2004లో మూసేశారు. 1991లో ప్రభుత్వమే కూలిపోయాక దక్షిణాన బళ్ళు గోడలతో సహా పోయాయి. ఉత్తరాన మెల్లగా శాంతి కుదిరి, 1998లో పాత అమూద్ బడి ఆవరణలోనే విశ్వవిద్యాలయం మొదలుపెట్టారు. అలా ఉత్తరం మళ్ళీ లేచింది, అదీ పాత బడి ఉన్నచోటే. బొరామా కుర్రాడి గలగల ఇంగ్లీషు వెనక 1950ల నాటి ఒక ఆవరణ ఉంది. బైదోవా కుర్రాడి మౌనం వెనక అలాంటిది ఏమీ లేదు. నేను ఆ ఇద్దరినీ ఒకే పేపర్‌తో కొలిచి, ఒకడు తెలివైనవాడు, ఒకడు మొద్దు అని తేల్చేశాను. ఆ తప్పు నాది. మీరు చేయకండి.

మార్కులు ఊరికే వేయమని నేను అడగడం లేదు. మీడియన్ రాని కుర్రాడికి మీడియన్ రావాలి. రేపు వాడు ఉద్యోగంలో చేరితే జాలి పనికిరాదు. నేను అడిగేది మొదటి వారం గురించి. సిలబస్ మొదలుపెట్టేముందు ఒక గంట తీసుకుని, ప్రతి విద్యార్థికీ ఒక తెల్లకాగితం ఇవ్వండి. మూడు గీతలు గీయమనండి. తాత అమ్మమ్మలు ఎక్కడ, ఏ భాషలో, ఎంతవరకు చదివారు. అమ్మానాన్నలు ఎక్కడ. మీరు ఎక్కడ. తెగ పేరు మాత్రం అడగొద్దు, పొరపాటున కూడా. ఊరు, భాష, ఏడాది చాలు. హర్గీసాలో నా మూడో ఏడాది నుంచి ఇలా చేశాను. ఒకమ్మాయి కాగితం మీద మొదటి గీత దగ్గర "చెట్టు, 1974", రెండో గీత దగ్గర "హర్గీసా, ఆరో తరగతి, 1988 దాకా", మూడో గీత దగ్గర "హర్తిషేక్ క్యాంపు" అని ఉంది. ఇంకేం చెప్పాలండీ మనం ఆ పిల్ల బేసిక్స్ గురించి!

ఆ కాగితాలు చూశాక నేను ప్రశ్నపత్రం రాసే తీరు మారింది. చిన్న వాక్యాలు రాశాను. లెక్కకు ఉదాహరణలుగా సబ్బుల ఫ్యాక్టరీ తీసేసి, బెర్బెరా రేవులో ఓడెక్కే గొర్రెల లెక్కలు, బైదోవా జొన్నల ధరలు పెట్టాను. వారానికొక సాయంత్రం, భాష దగ్గర ఆగిపోతున్నవాళ్ళ కోసం ఒక గంట కూర్చున్నాను. బొరామా కుర్రాణ్ణి వెనక బెంచీకి మార్చి, బైదోవా కుర్రాడి పక్కన కూర్చోబెట్టాను. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందే. నెల తిరిగేసరికి ఒకడు మాయ్ మాటలు నేర్చుకుంటున్నాడు, రెండోవాడు ప్రశ్న చదివి నాకే తప్పు చూపించాడు. నా ప్రశ్నలో డేటా ఒకటి రెండుసార్లు పడింది.

బైదోవా కుర్రాడి కాగితం నేను ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి రెండు గీతల దగ్గర ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేశాడు. మూడో గీత దగ్గర నాలుగు ఊళ్ళ పేర్లు బాణం గుర్తులతో వరసగా ఉన్నాయి. ఆఖరి బాణం మా కాలేజీ దగ్గర ఆగింది. దాని కింద ఒక చిన్న బొమ్మ, పలక అనుకుంటా. వెళ్ళేముందు మీలో ఎవరైనా చూస్తామంటే ఫోటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఏడేళ్ళు అక్కడ పాఠం చెప్పి వచ్చిన ఒక స్టాటిస్టిక్స్ మాస్టారు